ప్రార్థన, ప్రాణము, ప్రశాంతి – ప్లేటో సంప్రదాయము



గత మూడు దినములుగా ఈ మండపమున సంధ్యోపాసనమును గురించియు, ప్రాణాయామమును గురించియు ప్రసంగించితిమి. నేటి విషయము దూరదేశమునకు చెందినది. గ్రీకు దేశమున, ఏథెన్సు నగరమున, ప్లేటో నెలకొల్పిన సంప్రదాయమువారు దైవమును ఎట్లు ప్రార్థించిరి, ఊపిరిని గురించి ఏమి తలంచిరి, మనస్సును ఏ విధముగ నిశ్చలము చేసికొనిరి అను దానిని నేడు విచారింపదలచితిమి. వేదాధ్యయనము చేసినవారికి యవనుల గొడవ యేల యని పెద్దలు కొందరు అనుకొనవచ్చును. కారణము కలదు. ప్రసంగము ముగిసిన పిదప ప్రతిదినము ఎవరో ఒకరు మమ్ము సమీపించి అడుగు ప్రశ్న ఒక్కటే. “అయ్యా, భగవంతుడు సర్వజ్ఞుడు గదా, మనకేమి కావలెనో ఆయనకు తెలియదా? ఆయన నిర్వికారుడు గదా, మన మొర విని ఆయన మనస్సు మారునా? మారనిచో ఈ మ్రొక్కులెందులకు?” అని. అడుగువారిలో కొందరు వాదమునకై అడుగుదురు. కొందరు బిడ్డను పోగొట్టుకొని అడుగుదురు. ఈ రెండవవారికి ఒక శాస్త్రవాక్యము వల్లించి ఊరకుండుట న్యాయము కాదు. ప్లేటో మొదలుకొని సుమారు 900 సంవత్సరములు ఆ సంప్రదాయమువారు ఈ ప్రశ్ననే విడువక పట్టుకొని మథించిరి. అందుచేత వారి మాట వినదగినది.

ముందుగా ఒక హెచ్చరిక. గ్రీకుల తత్త్వమంతయు మన ఋషులవద్ద నేర్చినదే యని వేదికలమీద చెప్పుట పరిపాటి యైనది. అట్టి మాటకు కరతాళధ్వనులు వచ్చును గాని ఆధారములు రావు. ఈ సంప్రదాయమున ప్లేటో తరువాత అంతటివాడైన ప్లొటైనస్ విషయమున మాత్రము ఒక చారిత్రక వృత్తాంతము కలదు. ఆయన ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరమున అమ్మోనియస్ అను గురువునొద్ద 11 సంవత్సరములు శుశ్రూష చేసి, పారసీకుల తత్త్వమును, భారతీయుల తత్త్వమును స్వయముగ తెలిసికొనవలెనను కోరికతో, క్రీ.శ. 243లో రోమను చక్రవర్తి మూడవ గోర్డియన్ పారసీకముపై నడపిన సేనవెంట బయలుదేరెను. మరుసటి సంవత్సరము ఆ చక్రవర్తి మెసొపొటేమియాలో మరణించెను. ప్లొటైనస్ అతికష్టముమీద ప్రాణములు దక్కించుకొని అంటియోకు నగరమునకును, అచ్చటినుండి రోమునకును చేరెను. అప్పటికి ఆయన వయస్సు 40 సంవత్సరములు. మన దేశమునకు ఆయన రానేలేదు. అయినను ఆయన మాటలు కొన్ని ఉపనిషత్తులు చదివినవారికి ఎరిగినవే యని తోచును. తోచుటను తోచుటగనే ఉంచుకొందము. వంశవృక్షము వ్రాయనక్కరలేదు.

ప్లేటో క్రీ.పూ. 427 ప్రాంతమున జన్మించి 347లో దేహము చాలించెను. క్రీ.పూ. 387 ప్రాంతమున ఏథెన్సు ప్రాకారమునకు వెలుపల, ఒక పురాతన వీరుని పేర ప్రసిద్ధమైన తోటలో తన పాఠశాలను ఏర్పరచెను. నేడు మనము ‘అకాడమీ’ యని పలుకు మాట ఆ తోట పేరే. అందులో అథీనా దేవతకు చెందిన ఒలీవవృక్షములుండెడివి. విద్యాధిదేవతలైన మ్యూజులకు ప్లేటో అచ్చట మందిరము కట్టించెనని చెప్పుదురు. కావున అది కేవలము తర్కము నేర్పిన బడి యని తలచుట పొరపాటు. సృష్టిక్రమమును వివరించు ‘టిమేయస్’ గ్రంథమున వక్త తన ఉపన్యాసమునకు ముందు దేవతలను పిలుచును. చిన్న పనియైనను, పెద్ద పనియైనను బుద్ధిగలవాడెవ్వడును దైవమును తలపక మొదలిడడని ఆయన అభిప్రాయము. విఘ్నేశ్వరుని తలచి పసుపుముద్ద నిలుపు మనకు ఇది వింత గాదు.

అయితే ఏమి అడుగవలెను? ఇచ్చటనే ప్లేటో కఠినుడగుచున్నాడు. ‘యూథిఫ్రో’ అను సంభాషణలో సోక్రటీసు ఒక పురోహితుని వంటి వానిని నిలదీయును. దేవతలకు మనము బలులిచ్చుట, వారు మనకు వరములిచ్చుట అనునదే భక్తియైనచో, అది మానవులకును దేవతలకును నడుమ జరుగు వర్తకము వంటిది కాదా యని ఆయన ప్రశ్న. ప్లేటో వార్ధక్యమున వ్రాసిన ‘శాసనములు’ అను పెద్ద గ్రంథమున, పదవ భాగములో, ఈ మాట ఇంకను తీవ్రముగ వచ్చును. దైవమును గురించి మూడు విధములైన అపరాధములు కలవట. దేవతలు లేరనుట ఒకటి. ఉన్నను మనుష్యుల విషయము పట్టించుకొనరనుట రెండవది. పట్టించుకొందురు గాని కానుకలచేతను, స్తోత్రములచేతను వారిని తమవైపు త్రిప్పుకొనవచ్చుననుట మూడవది. ఈ మూడవదానిపై ఆయనకున్నంత ఆగ్రహము మొదటిదానిపై లేదు. ఏలయన, తోడేలు తాను వేటాడినదానిలో కొంత పంచియిచ్చి కావలికుక్కల నోరు మూయించినట్లు, అన్యాయార్జితములో భాగమిచ్చి దేవతల నోరు మూయించవచ్చునని తలచుట, దైవమును కుక్కకంటె హీనము చేయుటయే గదా.

హుండీ ప్రక్కన నిలబడి ఈ మాట చెప్పుట కొంత సాహసమే. ధర్మకర్తలు మన్నింతురు గాక. కాని ప్లేటో కానుకలను, ఉత్సవములను త్రోసివేయలేదు. అదే గ్రంథమున, నగరములో ఏదో ఒక దేవతకు ప్రతిదినమును బలి జరుగవలెనని, ఏడాదికి 365 దినములలో ఒక్కటియు లోపింపరాదని నియమము పెట్టెను. ఆయన కాదన్నది కానుకను గాదు, కానుక చాటున దాగిన బేరమును.

ప్లేటో పేరున చెలామణి యగుచు, ఆయన రచన కాదని పండితులలో చాలమంది తలచు సంభాషణ ఒకటి కలదు. అందు ఆల్సిబయడీసు అను యువకుడు పూలమాల ధరించి ప్రార్థనకై పోవుచుండగా సోక్రటీసు దారిలో నిలిపి అడుగును: నీవు మంచిదని అడుగునది నీకు చెడు కాదని నీకెట్లు తెలియును? అడిగినదెల్ల దేవుడిచ్చునేమో యని భయపడవలసిన కాలములు మనకుండును. ఆ యువకుడు చివరకు ప్రార్థన వాయిదావేసి, తన మాలను సోక్రటీసునకే అర్పించును. ఇది పరిహాసమువలె నున్నను నిజము. మన ఇండ్లలో కోరి తెచ్చుకొన్న సంబంధములు, కోరి కొన్న భూములు ఎన్ని ఏడ్పించలేదు!

మరి సోక్రటీసు తానేమి అడిగెను? ‘ఫీడ్రస్’ అను సంభాషణ ఇలిసస్ అను చిన్న యేటియొడ్డున, ఒక పెద్ద చెట్టునీడను జరుగును. నడిమధ్యాహ్నము. పైన ఇలకోళ్లు మ్రోయుచుండును. పాదములకు చల్లని నీరు తగులుచుండును. సంభాషణ ముగించి లేచునపుడు సోక్రటీసు ఆ స్థలమునందలి పాన్ మొదలగు దేవతలను ప్రార్థించును. ఆయన కోరినవి బహు కొద్ది. లోపల తాను అందముగ నుండవలెను. వెలుపల తనకున్నది లోపలి దానితో పోరాడక పొత్తుగ నుండవలెను. జ్ఞానియే ధనికుడని తాను భావింపగలుగవలెను. బంగారము, నిగ్రహముగల మనుష్యుడు మోయగలిగినంత చాలును. ప్రక్కనున్న మిత్రుడు, ఆ ప్రార్థనలో తననుగూడ చేర్చుమని కోరును. అంతటితో ఇద్దరును లేచి పోవుదురు. ఈ ప్రార్థనలో దేవుని మార్చవలెనను మాట లేదు. అడుగుచున్నవాడు మారవలెనను మాటయే కలదు.

ఇక నిశ్చలత్వమును గురించి. సోక్రటీసునందు ఒక అలవాటుండెడిది. ఎచ్చటనున్నను, ఒక ఆలోచన తోచినచో అచ్చటనే నిలిచిపోవును. విందునకు పోవుచు పొరుగింటి అరుగుమీద ఆగిపోయినందున, సగము భోజనమైన పిదపగాని లోపలికి రాలేదని ‘సింపోజియమ్’ గ్రంథము చెప్పుచున్నది. పిలువబోయినవానితో, ఆయనను కదలింపకుడు, అది ఆయనకు అలవాటేయని మిత్రుడు చెప్పును. అదే గ్రంథమున ఇంకొక వృత్తాంతము కలదు. క్రీ.పూ. 432లో మొదలైన పొటిడేయా దండయాత్రలో సోక్రటీసు సామాన్య సైనికుడు. ఒకనాడు తెల్లవారుజామున ఏదో విచారించుచు నిలబడెను. మధ్యాహ్నమైనను కదలలేదు. సాయంకాలము భోజనములైన పిదప, అయోనియా సైనికులు కొందరు తమ పడకలు బయటికి తెచ్చుకొని, అది వేసవికాలము గనుక చల్లగాలికి పరుండి, ఈయన రాత్రియంతయు నిలబడునా యని కనిపెట్టుచుండిరి. ఆయన మరునాటి సూర్యోదయమువరకు నిలిచియే యుండెను. సూర్యుడు ఉదయింపగనే ఆయనకు ప్రార్థన చేసి తన దారిన తాను పోయెను.

మేము ఈ వృత్తాంతమును చదివిన ప్రతిసారియు ఆ చివరివాక్యమువద్ద ఆగుదుము. ఒక దినము, ఒక రాత్రి నిలుకడ. దాని చివర సూర్యోపస్థానము. ఆ నిలుకడలో ఆయన ఊపిరిని లెక్కపెట్టెనా, మంత్రము జపించెనా అనునది గ్రంథమున లేదు. విచారించుచుండెనని మాత్రమే కలదు. నిలుకడ విచారమునుండి వచ్చినది, ప్రార్థన నిలుకడనుండి వచ్చినది.

ఊపిరి మాట కొంత వివరముగ చెప్పవలసియున్నది. గ్రీకుభాషలో జీవాత్మను ‘ప్సూఖీ’ యందురు. ఊదుట, శ్వాసించుట, చల్లబరచుట అను అర్థములుగల ధాతువునుండి ఆ మాట పుట్టినది. ‘క్రాటిలస్’ గ్రంథమున సోక్రటీసు, శరీరమునకు శ్వాసించు శక్తినిచ్చి సేదదీర్చునది గావున ఆ పేరు వచ్చినదని మొదట చెప్పి, అది చాలదని, శరీరప్రకృతిని మోసి నిలుపునది యని మరియొక వ్యుత్పత్తి చెప్పును. మన పాణినీయులు ప్రాణశబ్దమును ‘అన’ ధాతువునుండియు, ఆత్మశబ్దమును ఎడతెగని గమనమును చెప్పు ‘అత’ ధాతువునుండియు సాధింతురు. నిరుక్తము చదివినవారికి ఇట్టి వ్యుత్పత్తులలో వినోదమెంతయో, విచారమెంతయో తెలియును. విశ్వమునుండి గాలులు మోసికొనిరాగా, శ్వాసవెంట జీవాత్మ దేహమున ప్రవేశించునని ఆర్ఫిక్ గీతములలో చెప్పబడినట్లు అరిస్టాటిల్ వ్రాసెను. అనగా ఊపిరియే ఆత్మ యను భావన ఆ దేశమున పాతది.

ప్లేటో దానిని అంగీకరింపలేదు. క్రీ.పూ. 399లో సోక్రటీసు విషపానము చేసిన దినమును వర్ణించు ‘ఫీడో’లో ఈ విషయమే చర్చకు వచ్చును. ఆత్మ ఊపిరివంటిదైనచో దేహమునుండి వెలువడగానే పొగవలె చెదరిపోదా యని శిష్యుల భయము. సోక్రటీసు, పెనుగాలి వీచునపుడు మరణించినచో మరింత చెదరునని మీ భయము గాబోలు ననును. ఒక శిష్యుడు, మాకు గాదు, మాలో దాగియున్న పసివాడొకడు భయపడుచున్నాడనును. అయినచో ఆ భయము తొలగువరకు ఆ పసివానికి ప్రతిదినము మంత్రము వేయవలెనని సోక్రటీసు చెప్పును. ఆయన చెప్పిన మంత్రము వివేకముతోకూడిన విచారమే. కాని ‘ప్రతిదినము’ అనుటను గమనింపుడు. ఒకసారి విని ఊరకున్నచో ఆ పసివాడు ఊరకుండడు. నిత్యకర్మకు నిత్యత్వమేల యని అడుగువారికి మేము ఈ మాట చెప్పుచుందుము.

శ్వాసయొక్క దేహవ్యాపారమును ప్లేటో ‘టిమేయస్’లో శాస్త్రీయముగ విచారించెను. జగత్తులో శూన్యస్థానము లేదు గావున, నోటినుండియు ముక్కునుండియు వెలువడిన గాలి ప్రక్కగాలిని నెట్టును. అది చుట్టును తిరిగి మరల శరీరములోనికి ప్రవేశించును. చక్రమువలె ఈ నెట్టుడు ఆగదు. చేపలు పట్టు బుట్టవంటి గాలి, అగ్నుల అల్లిక యొకటి దేహమున నున్నట్లు ఆయన ఊహించెను. నేటి వైద్యులకు ఇది సమ్మతము గాదు, కానక్కరయు లేదు. దానికంటె మాకు ముఖ్యమైనది ఊపిరితిత్తులను గురించి ఆయన చెప్పినమాట. కోపముచేతను, భయముచేతను హృదయము ఉడికి ఎగిరిపడునపుడు, అది తగిలినను నొవ్వకుండునట్లు మెత్తని దిండువలెను, నీరు పీల్చు స్పంజివలెను ఊపిరితిత్తులను దేవతలు హృదయముచుట్టు అమర్చిరట. హృదయము చల్లబడినపుడే ఆవేశము బుద్ధిచెప్పిన మాట వినును. శ్వాస ఆత్మ గాదు. అయినను కోపమును చల్లార్చి బుద్ధికి తోడ్పడు సేవకుడు. ప్లేటో శ్వాసకిచ్చిన స్థానము ఇదియే.

అట్లయిన వారు ప్రాణాయామము చేసిరా? ఈ విషయమున ఫ్రెంచి పండితులలో భిన్నాభిప్రాయములున్నవి. ఎంపెడొక్లీస్ అను ప్రాచీనకవి, పూర్వజన్మలను చూడగలిగిన ఒక మహాత్ముని స్తుతించుచు వాడిన పదమొకటి గుండెక్రింది ఉదరవితానమును సూచించునని, కావున అది శ్వాసనియమమేయని ఝాఁ పియేర్ వెర్నాఁ (1914–2007) వాదించెను. ఆ పదమునకు కవుల భాషలో బుద్ధి యను అర్థమే ప్రసిద్ధమని, తత్త్వవేత్తల సాధనలు విచారము, స్మరణము, ఆత్మపరీక్షలతో గూడినవని పియేర్ హాడో (1922–2010) సమాధానమిచ్చెను. మాకు హాడో పక్షమే సరియని తోచుచున్నది. పూరకము, కుంభకము, రేచకము అని విభజించి చెప్పిన ప్లేటో గ్రంథమేదియు లేదు. ఉన్నదని చెప్పిన మన గౌరవము పెరుగదు. ‘ఫీడో’లో చెప్పిన సాధన వేరు: ఆత్మను దేహమునందలి అన్ని మూలలనుండి ఏరి, కూడదీసి, తనలో తాను ఒంటిగ నివసించుటకు అలవాటు చేయుట. గీతలో తాబేలు అవయవములను ముడుచుకొను ఉపమానము తెలిసిన మీకు ఇంతకు మించి చెప్పనక్కరలేదు.

ఇందుచేత మన ప్రాణాయామము తక్కువయని అర్థము గాదు. అది వాకిలి. వాకిటనే కూర్చుండి ఇంటిలోనికి వచ్చితిమనుకొనుటయే తప్పు. ఉపనయనమైన బాలురకు సంధ్యావందనము నేర్పినవారందరికిని తెలియును. ముక్కు చక్కగ పట్టుకొందురు, చూపు వంటశాలవైపు పోవుచుండును. ముక్కు బిగించినంతనే మనస్సు బిగియదు. మావంటి వృద్ధులకు మరియొక మాట: రక్తపుపోటు, గుండెజబ్బు గలవారు కుంభకముతో సాహసము చేయకుడు. మెల్లగ విడుచు ఊపిరి చాలును.

ఆ ఇంటిలోనికి ప్లొటైనస్ మనలను తీసికొనిపోవును. ఆయన రోమునగరమున సుమారు 25 సంవత్సరములు బోధించి క్రీ.శ. 270లో దేహము చాలించెను. ఆయన రచనలు 54. వాటిని శిష్యుడైన పోర్ఫిరీ తొమ్మిదేసి చొప్పున ఆరు సంపుటములుగ కూర్చెను. అందు ఐదవ సంపుటమున ఒక ధ్యానక్రమము కలదు. దేహమే గాదు, దేహము చుట్టునున్న అలజడియు శాంతింపవలెను. భూమి, సముద్రము, గాలి, ఆకాశము సైతము నిశ్చలములైనవని భావింపవలెను. అప్పుడా నిశ్చలాకాశమునకు నలుదిక్కులనుండి, వెలుగు నల్లమబ్బును బంగారముగ జేసినట్లు, ఆత్మ ప్రవహించి వచ్చుచున్నదని చూడవలెను. మరియొకచోట, సకలజగత్తును ఒక పారదర్శకమైన గోళముగ మనస్సున నిలుపుకొని, సూర్యుని, నక్షత్రములను, భూమిని, సముద్రమును, ప్రాణికోటిని అందు చూచుచు, పిదప ఆ గోళముయొక్క బరువును, పరిమాణమును తీసివేసి, దానిని సృజించిన దేవుని రమ్మని ప్రార్థింపుమని చెప్పును. ధ్యానము చివర ప్రార్థన. పొటిడేయాలో నిలిచిన సోక్రటీసు క్రమమే ఇది.

పరమమైన ‘ఏకము’ను గురించి చెప్పబోవుచు ప్లొటైనస్, నోటిమాటతో గాక ఆత్మను ఆయనవైపు చాచుటచేత, ఒంటరిగ ఒంటరివానిని ప్రార్థింతము అనును. వినగోరిన గొంతుకకై ఎదురుచూచువాడు తక్కిన చప్పుళ్లను ప్రక్కకు నెట్టి చెవిని సిద్ధపరచుకొనును గదా, అట్లే లోపలి శ్రవణశక్తిని శుద్ధముగ నిలుపుకొనవలెనని ఆయన ఉపమానము. తాను ఆయనతో గడిపిన కాలమున నాలుగుసార్లు ఆయనకు ఆ ఐక్యము సిద్ధించెనని, తనకు 68వ యేట ఒక్కసారి సిద్ధించెనని పోర్ఫిరీ వ్రాసెను. ఈ సంఖ్యలు చూడుడు. పదిదినముల శిబిరములో సమాధి లభించునని కరపత్రములు పంచువారు ఇట్టి లెక్కలు వ్రాయరు.

కాని ప్లొటైనస్ మాటలలో కాఠిన్యము కలదు. యుద్ధమున ధైర్యముగ పోరాడినవాడు బ్రతుకును, ప్రార్థించుచు కూర్చున్నవాడు గాదు. పంట దున్నినవానికి చేతికి వచ్చును, మ్రొక్కినవానికి గాదు. ప్రార్థన ఫలించినను, బిగించిన తంత్రీవాద్యమున ఒక తంతిని మీటగా వేరొక తంతి పలికినట్లు, ఒకే ప్రాణియైన ఈ విశ్వమున ఒక భాగము వేరొక భాగమునకు స్పందించినదని ఆయన మతము. ఏ దేవతయు విని, జాలిపడి, నిర్ణయించినదని గాదు. సిద్ధాంతముగ ఇది నిర్దుష్టము. కాని జ్వరముతో కాలిపోవుచున్న బిడ్డ ప్రక్కన కూర్చున్న తల్లికి ఈ సిద్ధాంతము చెప్పి చూడుడు.

పోర్ఫిరీ ఈ కాఠిన్యమును క్రమపరచెను. సర్వాతీతుడైన దేవునకు మౌనమే, నిర్మలభావనయే పూజ. ఆయన క్రిందివారైన దేవతలకు వాక్కుతో స్తోత్రము తగును. అటుపిమ్మట సిరియా దేశస్థుడైన ఇయాంబ్లికస్, ప్రార్థనచేత దేవతలు క్రిందికి దిగరు, ప్రార్థించువాడే పైకెత్తబడునని స్పష్టపరచెను. ఈ భావమునే డయోనీసియస్ పేర వ్రాసిన ఒక క్రైస్తవాచార్యుడు చక్కని ఉపమానముతో చెప్పెను: ఒడ్డున రాతికి కట్టిన త్రాటిని పడవలోనుండి లాగినపుడు రాయి మనవద్దకు రాదు, మన పడవయే రాతివద్దకు పోవును. గోదావరిపై త్రాడు లాగి పడవ ఒడ్డు చేర్చినవారికి ఇది వ్యాఖ్యానము లేకయే తెలియును.

ప్రోక్లస్ విషయము చెప్పనిదే ఈ ప్రసంగము పూర్తిగాదు. క్రీ.శ. 412లో జన్మించి 485లో పరమపదించిన ఈయన సుమారు అర్ధశతాబ్దము ఏథెన్సు పాఠశాలకు అధిపతి. శిష్యుడైన మరినస్ ఆయన చరిత్ర వ్రాసెను. సూర్యునికి ఉదయమున, మధ్యాహ్నమున, అస్తమయమున మూడువేళల నమస్కరించెడివాడట. నెలనెల తప్పక సముద్రస్నానము చేసెడివాడట. ఆయన రచించిన స్తోత్రములలో ఏడు నేటికిని మిగిలియున్నవి. వాటిలో ఒకటి సూర్యునిమీద. డెబ్బదియేండ్లు వచ్చిన పిదప బలము సన్నగిలినను ప్రార్థనను, స్తోత్రరచనను, శిష్యులతో సంభాషణను మానలేదని మరినస్ చెప్పుచున్నాడు. పూర్వమువలె చేయలేక పోయినను చేసెను. మావంటివారికి ఆ వాక్యము ఊతకఱ్ఱ.

‘టిమేయస్’కు వ్రాసిన వ్యాఖ్యానమున ప్రోక్లస్ ప్రార్థనకు ఐదు మెట్లు చెప్పెను. దేవతల స్వరూపమును, వారి తరగతులను ఎరుగుట మొదటిది. శుద్ధిచేత, శీలముచేత వారికి దగ్గరివారమగుట రెండవది. మన ఆత్మయొక్క కొన వారిని తాకుట మూడవది. మరింత చేరువై వారి వెలుగున పాలుగొనుట నాల్గవది. ఐక్యము ఐదవది. సాలోక్యాదులతో దీనిని పోల్చవలెనని తోచును గాని అవి ముక్తిభేదములు, ఇవి ఒకే ప్రార్థనలోని దశలు. మొదటి మెట్టు జ్ఞానమే గాని కోరిక గాదని మాత్రము గమనింపదగును. అన్నిటికంటె ఆదియైనదొక్కటి తప్ప సమస్తమును ప్రార్థించుచున్నదను పూర్వుల మాటను ఆయన ఆదరించెను. సూర్యునివైపు తిరుగు పువ్వు తన కదలికతో స్తోత్రము చేయుచున్నదట. ఆ కదలికలో గాలికి పుట్టు ధ్వనిని మనము వినగలిగినచో అది కీర్తనయే యట. తామర, తెల్లవారకముందు రేకులు ముడిచి, సూర్యుడు పైకి వచ్చినకొలది విప్పి, దిగినకొలది మరల ముడుచును. మనుష్యులు పెదవులు విప్పి, మూసి చేయు స్తుతికిని తామర రేకులు విప్పి, మూసి చేయు స్తుతికిని భేదమేమి యని ఆయన భావము. తామర ఏమియు అడుగుట లేదు. సూర్యుడు తామరకొరకు వచ్చుటయు లేదు. అయినను వికసించుచున్నది.

ఇంతటి సిద్ధాంతము చెప్పిన మనుష్యుడు, కష్టము వచ్చినపుడేమి చేసెను? ఆయన మిత్రుడైన ఆర్కియడాస్ కుమార్తె, అస్క్లెపిజెనియా అను బాలిక, తీవ్రమైన వ్యాధితో పడియుండెను. వైద్యులు ఆశ వదలిరి. తండ్రి ప్రోక్లస్ వద్దకు పరుగెత్తి వచ్చెను. ప్రోక్లస్ ఆయనకు ఐదు మెట్లను గురించి ఉపన్యసింపలేదు. లిడియా దేశస్థుడైన ఒక మిత్రుని వెంటబెట్టుకొని, వైద్యదేవుడైన అస్క్లెపియస్ ఆలయమునకు పోయి పూర్వాచారముననుసరించి ప్రార్థించెను. ఆ ఆలయము అప్పటికింకను చెడక నిలిచియుండెను. ఆయన ఇల్లును దాని సమీపముననే యుండెను. పాతదేవతల ఆరాధన అప్పటికే అపాయకరమైన పని, కనుక ఎవరికంటను పడకుండ చేసెను. బాలిక తేరుకొన్నదని మరినస్ వ్రాసెను. వైద్యము, దైవము, యాదృచ్ఛికము వీనిలో దేనికి ఆ ఫలము చెందునో తేల్చుట మా ప్రయత్నము గాదు. దేవుడు మారడని ఎరిగినవాడే, తన మిత్రుని బిడ్డకొరకు దేవాలయమునకు నడచి పోయెను. సిద్ధాంతమునకును ఆ నడకకును విరోధమున్నట్లు ఆయనకు తోచలేదు. బిడ్డకొరకు అడుగుచున్న తండ్రితో కలిసి అడుగుటయు త్రాడు లాగుటయే. పడవలో ఒక్కడే యుండవలెనను నియమమెచ్చటను లేదు. యేటియొడ్డున ఆ మిత్రుడు, తననుగూడ చేర్చుమని అడిగినది ఇందుకే.

బిడ్డను పోగొట్టుకొని అడుగువారికి మేము చెప్పగలిగినది ఇంతమాత్రమే. మీరు అడిగినది తప్పు గాదు. దక్కకపోవుట మీ భక్తికి పడిన శిక్ష గాదు, ఏలయన మ్రొక్కులను తూచి ఫలమిచ్చు వర్తకుడు ఆ పీఠముమీద లేడు. తక్కినది మీతో కూర్చుండి ఊరకుండుటయే.

క్రీ.శ. 529లో జస్టీనియన్ చక్రవర్తి ఆజ్ఞచేత ఏథెన్సులో తత్త్వబోధ నిలిచిపోయెను. అచ్చటి ఆచార్యులు ఏడుగురు పారసీక రాజైన ఖుస్రో ఆశ్రయమునకు పోయిరి. అది వారికి నచ్చలేదు. 532లో రెండు రాజ్యములకును కుదిరిన సంధిలో, వారు తిరిగివచ్చి తమ మతముననుసరించి నిర్బాధముగ బ్రతుకుటకు ఒక షరతు చేర్చబడెను. ఆ యేడుగురిలో సింప్లిసియస్ ఒకడు. పాఠశాల లేదు. ఎదుట శిష్యుల వరుస లేదు. ఆ పిదప ఆయన, ఆకాశమును గురించి అరిస్టాటిల్ వ్రాసిన గ్రంథమునకు పెద్ద వ్యాఖ్యానము రచించి, చివరిపుటలో జగత్కర్తను సంబోధించి ప్రార్థన వ్రాసెను. ఆ వ్యాఖ్యానమునే స్తోత్రముగ సమర్పించుచున్నానని, ఆ సృష్టియొక్క ఘనతను చూచి యోగ్యులకు చెప్పగలుగవలెనని, దైవమును గురించి అల్పమైన భావమేదియు తన మనస్సున రాకుండవలెనని కోరెను. మూసిన తలుపులను తెరువుమని అందు లేదు.

స్వస్తి.